చెంబెడు నీళ్లు

నడిగూడెం మండలం, తండా
3 జూన్ 2024

బిడ్డా రజితా,

నీ పెద్దమ్మ సుక్కి ఎవరితోనూ రాయించకుండా తన చేత్తో రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నీదే. మూడో తరగతిలో ఉన్నప్పుడు పలక మీద నాకు దిద్దించిన పంతులమ్మవు నువ్వే కదా. మన తండా మాటకు అక్షరాలు లేవు కనుక తెలుగులోనే రాస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటావు. నాకు చెవులు మందం. స్పీకర్ పెడితేనే వినబడుతుంది. స్పీకర్ పెడితే నాకంటే ముందు మీ మామ మంగ్త్యాకు, మీ అత్త శాంతాబాయికి, ఎదురింటివాళ్లకు, వాళ్ల మేకలకు వినబడుతుంది. మొన్న నువ్వు "పెద్దమ్మా, నాకు నీళ్ల లెక్క..." అని ఆగిపోయావు. శాంతాబాయి వెంటనే "ఏం నీళ్లే? మిర్యాలగూడల నల్లా వస్తలేదా?" అని అందుకుంది. నువ్వు "ఆఁ, నల్లానే అత్తా" అని పెట్టేశావు. ఆ రోజు నుంచి నాకు అన్నం దిగడం లేదు.

గర్భసంచి తీయించుకుని నెల కావస్తోంది. అల్లుడు సునీల్‌ను అడిగితే "మంచిగనే ఉన్నది, ఊకె బట్టలు ఉతుకుతున్నది" అన్నాడు. ముగ్గురున్న ఇంట్లో ఊకె ఉతకడానికి బట్టలెక్కడివి? కుట్లు విడిచాయా? రక్తం పోతోందా? జ్వరమా? ఎండకు తిరుగుతున్నావా? ఇన్ని ఆలోచనలతో నా తల గానుగలా తిరుగుతోంది.

ఒక మాట అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పు. కూర్చుని లేచినప్పుడు నీ బట్ట పొడిగా ఉంటోందా?

నేనే వచ్చి చూసేదాన్ని. నాకు బస్సు పడదని నీకు తెలుసు కదా.

సునీల్‌ను లారీ మెల్లగా నడపమను. మనవరాలు ప్రవళికను ఉరుములప్పుడు ఫోన్ ముట్టనివ్వకు. ఇక్కడ కోతులు మన కప్పు మీద రెండు పెంకులు పగలగొట్టాయి. వాన పడితే ఏమవుతుందో.

భయపడుతూనే దీవిస్తున్న
నీ పెద్దమ్మ సుక్కి


మిర్యాలగూడ
11 జూన్ 2024

పెద్దమ్మకు,

ఉత్తరం అందింది. అక్షరాలు బాగానే ఉన్నాయి.

నీకు బస్సు పడదు. నా పెళ్లికి పడలేదు. కడుపు కోసి ప్రవళికను తీసినప్పుడు పడలేదు. రెండోసారి కోసినప్పుడు, ఆ బిడ్డ బతకనప్పుడు కూడా పడలేదు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. తల్లి స్థానంలో వచ్చి నిలబడాల్సింది నువ్వే. అందరూ "మీ పెద్దమ్మ రాలేదా" అని అడిగితే "ఆమెకు బస్సు పడదు" అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వాంతి వస్తుందనుకుంటే ఒక నిమ్మకాయ పట్టుకుని రారాదా? రాయకూడదనుకుంటూనే రాశాను. కోపం వస్తే రానీ.

అడిగావు కనుక చెబుతున్నాను. పొడిగా లేదు.

గర్భసంచి తీసిన తొమ్మిదో రోజున మొదలైంది. దగ్గలేదు, తుమ్మలేదు, ఊరికే కూర్చున్నాను. వెచ్చగా కారింది. ఇప్పుడు పడుకున్నా కారుతోంది, నిలుచున్నా కారుతోంది. నాకు వచ్చినట్టే తెలియదు. ముందు చూపించిన దగ్గర ఇన్ఫెక్షన్ అన్నారు, మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు.

అంగన్‌వాడీకి సెలవులైపోయి మళ్లీ వెళ్తున్నాను. పిల్లల మధ్య చాప మీద కూర్చుంటాను. మొన్న లేచేసరికి చాప తడిసింది. ఆయా చూసి "ఎవరు పోసిన్రే?" అని అరిచింది. నా పక్కన అఖిల అని నాలుగేళ్ల పిల్ల కూర్చుంది. నేను దాని వైపు చూశాను, అంతే. అది లేచి నిలబడి గౌను రెండు చేతులతో పట్టుకుని చూపించింది. "నేను గాదు టీచర్, సూడు, పొడిగున్నది" అంది. నేను "సరే తియ్, ఇంకోసారి చెయ్యకు" అన్నాను.

పెద్దమ్మా, చంటిపిల్ల మీద అబద్ధం వేశాను.

ఇంట్లో ప్లాస్టిక్ పట్టా పరుచుకుని కింద పడుకుంటున్నాను. సునీల్ ఏమీ అనడు. అదే నాకు భయం.

ఇంతకీ నువ్వు ఆ ప్రశ్నే ఎందుకు అడిగావు? అందరూ నొప్పి ఉందా అని అడిగారు. పొడిగా ఉందా అని ఎవరూ అడగలేదు.

రజిత


తండా
19 జూన్ 2024

బిడ్డా,

నీ ఉత్తరం జొన్నచేను గట్టు మీద కూర్చుని చదివాను. నాలుగుసార్లు చదివాను. ఇది నువ్వు చదివాక పొయ్యిలో వేసెయ్యి.

నాకు బస్సు ఎప్పుడూ పడుతుంది బిడ్డా. బస్సుకే నేను పడను.

నాకు పదిహేడేళ్లప్పుడు మొదటి కాన్పు. మూడు రోజులు నొప్పులు పడ్డాను. బిడ్డ తల అడ్డం ఉండి కదలలేదు. మూడో రోజు ఎడ్లబండి మీద కోదాడకు తీసుకుపోయారు. దారిలో వాగు పారుతోంది, అది తగ్గేదాకా ఇవతల ఒడ్డునే ఉన్నాము. బిడ్డ మగపిల్లవాడు. ఏడవలేదు. ఆరో రోజు నుంచి నాకు కూడా నీకులాగే వెచ్చగా కారడం మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆగలేదు. లెక్కపెట్టుకో.

నా పెనిమిటి రాందాస్ చెడ్డవాడు కాదు. ఏడాది ఓపిక పట్టాడు. తర్వాత వాళ్ల వాళ్లు ఇంకో పిల్లను చూశారు. మీ మామ వచ్చి నన్ను బండి మీద తీసుకొచ్చాడు. ఏదో దేవతకు కోపం వచ్చిందన్నారు, మేకను కోశాము. ఒక మందులాయన "గిది పోయేది కాదమ్మా, గిట్లనే బతకాలె" అన్నాడు. గిట్లనే బతికాను.

నా పేటియా లంగాలో ఎన్ని మడతలుంటాయో నువ్వు చిన్నప్పుడు లెక్కపెట్టేదానివి. ఆ మడతల కింద ఏముందో ఎవరికీ తెలియదు. తలుపు పక్కన గోనెసంచి మీదే ఎందుకు కూర్చుంటానో, తీజ్ పండుగకు ఆడవాళ్లంతా గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరిగి పాడుతుంటే నేనొక్కదాన్నే వాకిట్లో నుంచి ఎందుకు పాడతానో ఎవరూ అడగలేదు. నిన్ను పక్కలో వేసుకుని పడుకోకపోవడం కూడా అందుకే. నువ్వు ఏడ్చేదానివి.

బస్సు ఒకసారి ఎక్కాను. సూర్యాపేటకు పోదామని. మునగాల దాటకముందే పక్కనామె ముక్కు మూసుకుని లేచింది. వెనకామె "ఎవలి పోరడో సీట్ల పోసిండు" అంది. నా దగ్గర పిల్లవాడు లేడని అందరూ చూశారు. దిగి నడుచుకుంటూ వచ్చాను.

నీ పెళ్లి రోజున మన ఇంట్లోనే కొత్త చీర కట్టుకుని కూర్చున్నాను. ముహూర్తం వేళకు రెండు గింజలు అక్షింతలు గోడ మీద చల్లాను.

నీకు వచ్చింది కూడా ఇదే. నాకు భయం, నీకు కూడా పోదేమోనని. కానీ ఇప్పుడు పెద్ద డాక్టర్లున్నారు, సిగ్గుపడకుండా పోయి చూపించు. అప్పటిదాకా నాకు తెలిసిన మందు ఒక్కటే, నీళ్లు తాగకు. పొద్దున ఒక గ్లాసు, మాపటికి ఒక గ్లాసు. దాహమైతే తాటిబెల్లం ముక్క నాలుక మీద పెట్టుకో. ఇన్నేళ్లూ నన్ను నలుగురిలో నిలబెట్టింది ఆ ఒక్క ఉపాయమే.

అఖిలకు ఒక బిస్కెట్ పుడ అన్నా కొనివ్వు.

నీ పెద్దమ్మ


మిర్యాలగూడ
2 జూలై 2024

పెద్దమ్మా,

కాల్చలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నన్ను కొట్టు, తిట్టు, కాల్చలేను.

ఆ నిమ్మకాయ మాట అన్నందుకు నా నోరు పడిపోవాలి. ఇన్నేళ్లు నీకు నేనంటే లెక్కలేదనుకున్నాను.

సునీల్‌కు చెప్పాను. అన్నీ వినేసి "డ్యూటీకి సెలవు చెప్త, సూర్యాపేట పోదాం పా" అన్నాడు, అంతే. అక్కడ వైష్ణవి అని మూత్రం జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది. చిన్నది, నాకంటే చిన్నది. మూత్రసంచిలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించింది, లోపల దూది పెట్టి కాసేపు నడవమంది. తీసి చూస్తే దూది నీలంగా ఉంది. "చూశావా రజితా, ఇదిగో, మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడ్డది. అందుకే నీకు తెలియకుండ కారుతోంది" అని బొమ్మ గీసి చూపించింది.

ఎవరి తప్పని సునీల్ అడిగాడు. గర్భసంచి మూత్రసంచికి అంటుకునే ఉంటుందట. నాకు రెండుసార్లు కోసి కాన్పు చేశారు కదా, ఆ మచ్చల వల్ల రెండూ ఇంకా అతుక్కుపోయి ఉంటాయట. తీసేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా కొందరికి ఇలా అవుతుందట. పూర్వం రోజుల తరబడి కాన్పు కాక, బిడ్డ తల అదిమి, ఆ చోట చర్మం చచ్చి రంధ్రం పడేదట. ఇప్పుడు అవి తగ్గాయి, ఆపరేషన్ల తర్వాత వచ్చేవే ఎక్కువ చూస్తున్నానంది. దేవతల కోపం మాట ఆ బొమ్మలో ఎక్కడా లేదు పెద్దమ్మా.

వాపు తగ్గేదాకా ఆగాలట. ఆగస్టు 27న కుడతారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి మొదటిసారే మూసుకుంటుందట.

చివర్లో ఒక మాట అడిగాను, పేరు చెప్పకుండా. "మేడం, ఇది నలభై యాభై ఏళ్ల కిందటిదైతే?" అని. ఆమె కలం పక్కన పెట్టి "ఎవరు? తీసుకురా" అంది.

రజిత


తండా
12 జూలై 2024

రజితా,

కాల్చమన్నది కాల్చలేదు. చెప్పకూడనిది చెప్పావు. ఆ డాక్టరమ్మది ఏ ఊరు? కోదాడైతే మన తండా పాలు పోయించుకునేవాళ్లకు చుట్టమై ఉంటుంది. రేపు మీ అత్త చెవిన పడితే నేను ఏ బావిలో దూకాలి? ఈ ముసలితనంలో నన్ను తీసుకురమ్మనడానికి నేనేమన్నా పశువునా?

కోపం నీ మీద కాదు. భయం.

నీలం రంగు లోపలే ఉండిపోతే ఎలా? అంతా కడిగేశారా? అడుగు.

ఆపరేషన్ తర్వాత మాత్రం నా మాట విను. పుండు తడిస్తే మానదు. మీ మామ కాలికి గొడ్డలి దిగినప్పుడు పదిహేను రోజులు చుక్క నీరు తగలనివ్వలేదు, మానింది. నీ కుట్లు ఉండేదే నీళ్ల చోట. కనుక నీళ్లు ఇంకా తగ్గించు. ఒక్క గ్లాసు చాలు. నర్సులు పొయ్యమన్నా పెదవి తడుపుకుని పక్కన పెట్టు. ఈ జబ్బు సంగతి వాళ్లు పుస్తకంలో చూశారు, నేను ఒంట్లో చూశాను.

27వ తేదీన నేను ఒక్కపొద్దు ఉంటాను.

పెద్దమ్మ


సూర్యాపేట దవాఖాన
4 సెప్టెంబర్ 2024

పెద్దమ్మా,

ఆపరేషన్ అయింది. ముందు ఆ ఒక్క మాట చదువుకుని ఊపిరి పీల్చుకో.

వానలకు రోడ్లు తెగి సునీల్ రెండు రోజులు మిర్యాలగూడలోనే చిక్కుకుపోయాడు. మీ దిక్కు ఫోన్లు కలవడం లేదు. మీరంతా బాగున్నారా?

ఇప్పుడు చెప్పేది వినాలి, ఏడవకూడదు. నాకు మూత్రానికి గొట్టం వేశారు. ఇరవై ఒక్క రోజులు ఉండాలి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమన్నారు. నేను నీ మాట విన్నాను. బాటిల్‌లో నీళ్లు కిటికీలోంచి పారబోశాను. ఆదివారం, ఆరో రోజు, బయట కుండపోతగా వాన. నాకు గొట్టంలోంచి రావడం ఆగిపోయింది. పొట్ట ఉబ్బింది, కుట్లు తెగిపోతున్నంత నొప్పి. పుష్పమ్మ అని పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చి గొట్టం కడిగింది. నీళ్లు తాగక మూత్రం చిక్కబడి, తెట్టు కట్టి గొట్టం మూసుకుపోయిందట. "కాలువలు తెగి ఊర్లకూర్లు మునుగుతున్నయ్, నీకు తాగనీకె నీళ్లు దొరుకుతలెవ్వా?" అని తిట్టింది.

డాక్టరమ్మ వచ్చింది. "నీళ్లు తాగొద్దని ఎవరు చెప్పారు?"

"మా పెద్దమ్మ మేడం."

"మీ పెద్దమ్మ ఏమన్నా డాక్టరా?"

"కాదు మేడం. ఆమె కూడా పేషెంటే. నలభై ఏడేళ్ల నుంచి."

ఆమె కోపం ఎటు పోయిందో తెలియదు. స్టూల్ లాక్కుని కూర్చుంది. అన్నీ చెప్పేశాను పెద్దమ్మా. బండి, వాగు, బస్సు, గోనెసంచి. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే. ఆమె ఒకటే అంది. "మూత్రసంచి లోపల కుట్టు నీళ్లతోనే శుభ్రంగా ఉంటది. ఎన్ని నీళ్లు తాగితే అంత పల్చగా ఉండి గొట్టం పారుతది. పారితే సంచి ఖాళీగా ఉంటది, కుట్టు మీద బరువు పడదు. ఇది మీ పెద్దమ్మకు రాయి."

నా కుట్లు నిలిచాయో తెగాయో 17వ తేదీ దాకా తెలియదు.

రజిత


తండా
12 సెప్టెంబర్ 2024

బిడ్డా,

నా చేతులతో రాసిన ఆ ఉత్తరం నీ పొట్ట మీద పెట్టిన బండరాయి అయింది. నలభై ఏడేళ్లు నన్ను కాపాడిందనుకున్నదే నీ గొంతు పట్టుకుంది. ఏడవకూడదన్నావు. ఏడవకుండా ఇంత దూరం రాశాను, ఇక నా వల్ల కాదు.

సాగర్ కాలువకు గండి పడి మన పొలంలో ఇసుక మేటవేసింది. మీ మామ గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. మనుషులం బాగున్నాము. ఇంట్లోకి పాదం మునిగేన్ని నీళ్లు వచ్చినా సామాను తడవలేదు, నేను అంతకుముందే అన్నీ అటక మీద పెట్టాను. నా భయం ఒక్కసారి పనికొచ్చింది.

నీ ఉత్తరం అందిన రోజే మొక్కుకున్నాను. నీ గొట్టం తీసేదాకా నువ్వు తాగాల్సినన్ని నీళ్లు నేనూ తాగుతానని. పొద్దున్నే చెంబెడు, మధ్యాహ్నం చెంబెడు, మాపటికి చెంబెడు. మొదటి చెంబు తాగుతుంటే గొంతు భయపడింది. నీళ్ల రుచి ఎలా ఉంటుందో మర్చిపోయాను బిడ్డా.

ఏమవుతుందో నీకు తెలుసు. మధ్యాహ్నానికి గోనెసంచి దాటి కారింది. నేను గోడ పట్టుకుని లేస్తున్నాను. శాంతాబాయి వాకిట్లో చేట పట్టుకుని నిలబడి ఉంది. ఇక అయిపోయింది అనుకున్నాను. అది చేట కింద పెట్టి, లోపలికి పోయి పొడి సంచి తెచ్చి పరిచింది.

"కూసో వదినా."

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాను.

"నేను కాపురానికొచ్చిన వారం రోజులకే. నీ గోనెసంచి రోజూ పొడిగ ఎట్లుంటదనుకున్నవ్? పైనుంచి దేవుడు ఎండేస్తున్నడా?"

బిడ్డా, నేను దాచుకుని ఉతికి వెనక చింతకొమ్మకు వేసినవి మాపటికి తలుపు దగ్గరకు ఎలా వచ్చేవో నేనెప్పుడూ ఆలోచించలేదు. నేనే తెచ్చుకుని మర్చిపోయాననుకునేదాన్ని. నాకు మతిమరుపు అని బెంగ కూడా పెట్టుకున్నాను. నీళ్ల నల్లా అని ఫోన్‌లో అడిగింది కూడా ఇరుగుపొరుగు వినకుండా మాట మళ్లించడానికేనట.

"మరి ఒక్కనాడు చెప్పవైతివి?"

"నువ్వు చెప్పంది నేనెట్లంటనే? దాసుకునేటోళ్లకు దాసుకునే జాగియ్యాలె" అంది. తర్వాత నా చేతిలో చెంబు చూసి "గిదేంది కొత్తగ, ఇన్ని నీళ్లు?" అంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. అప్పటి నుంచి మూడో చెంబు అదే నింపి ఇస్తోంది, నేను వంచేస్తానేమోనని తాగేదాకా ఎదురుగా నిలబడుతోంది.

నువ్వు డాక్టరమ్మకు చెప్పినందుకు కోపం లేదు. నీ కుట్లు నిలవాలి. నిలవకపోతే నేను రాసిన అక్షరాల వల్లే. అది తప్ప నాకు ఇప్పుడు ఇంకో భయం లేదు. మొదటిసారి ఒక్కటే భయంతో బతుకుతున్నాను.

పెద్దమ్మ


సూర్యాపేట
18 సెప్టెంబర్ 2024

పెద్దమ్మా,

దూది తెల్లగా వచ్చింది.

నీలం నీళ్లు ఎక్కించారు, నడవమన్నారు. వార్డు ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాను. పుష్పమ్మ సిస్టర్ నా వెనకే "దేవుడా దేవుడా" అంటూ నడిచింది. ఆమెకు నాకంటే ఎక్కువ భయం. తీసి చూస్తే మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నేను నమ్మక ఇంకోసారి చూడమన్నాను. డాక్టరమ్మ దూది నా చేతిలోనే పెట్టింది.

రాత్రి నేను మంచం మీద పడుకున్నాను. పట్టా లేదు. తెల్లారాక మూత్రం "వచ్చింది" అని తెలిసింది పెద్దమ్మా. ఆ తెలియడం ఎంత గొప్పదో ఎవరికి చెబితే అర్థమవుతుంది? నీకు తప్ప.

మూడు నెలలు బరువు ఎత్తకూడదు, సునీల్ దూరంగా ఉండాలి. సరే అన్నాడు.

అఖిల వాళ్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడి పిల్లను ఇమ్మన్నాను. "అఖిలా, ఆ రోజు చాప తడిపింది నువ్వు కాదమ్మా, నేనే" అన్నాను. అది "టీచర్, నువ్వు గూడ అడిగి పోవాలె" అంది.

నీ ఉత్తరం వల్ల నాకు ఏమీ కాలేదు. అసలు నువ్వు పొడిగా ఉందా అని అడగకపోతే నేను ఇంకా ఇన్ఫెక్షన్ మాత్రలే మింగుతూ ఉండేదాన్ని. అది కూడా నీ అక్షరాలే. ఇప్పుడు నీ వంతు. డాక్టరమ్మ మంగళవారాలు, శుక్రవారాలు చూస్తుంది. బస్సు వద్దు, సునీల్ కారు మాట్లాడతాడు. అత్తను కూడా తీసుకురా.

రజిత


తండా
21 నవంబర్ 2024

బిడ్డా,

నీకు ఫోన్‌లో శాంతాబాయి చెప్పే ఉంటుంది. నా చేత్తో కూడా చెప్పాలని రాస్తున్నాను.

డాక్టరమ్మ నన్ను చూసి కాళ్లకు దండం పెట్టబోయింది. నేను గాబరాపడి వెనక్కి జరిగాను, అలవాటు కదా. ఆమె ఇంకా దగ్గరకు జరిగింది. నీ రంధ్రం చిటికెన వేలి గోరంత అయితే నాది పెద్దదట. ఇన్నేళ్ల మచ్చ గట్టిపడి తోలులా అయిందట. "ఒక్కసారికి కాకపోవచ్చమ్మా, రెండుసార్లు పట్టొచ్చు. పూర్తిగా పొడి అవుతుందని మాట ఇవ్వలేను" అని ముందే చెప్పింది. మాట ఇవ్వలేనని చెప్పిన మొదటి డాక్టరు. అందుకే నమ్మాను.

ఆపరేషన్ చేశారు. నీళ్లు తాగాను, ఎంత తాగానంటే పుష్పమ్మ సిస్టరే చాలమ్మా అంది. గొట్టం తీశాక దూది నీలంగా వచ్చింది.

మునుపటంత నీలం కాదట, అంచుకే. సగం పైగా మూసుకుందట, ఇంకొంచెం మిగిలిందట. మూడు నెలలయ్యాక మళ్లీ కుడతానంది. మీ మామ "సాలు తియ్ అక్కా, ఈ వయసుల ఎందుకు కోయించుకునుడు" అన్నాడు. శాంతాబాయి "నీ కాలు గొడ్డలి పుండు సగమే మానితే ఊకుంటుంటివా?" అంది. ఆయన లేచి బీడీకి పోయాడు.

నాకు చాలా భయంగా ఉంది రజితా. కానీ రోజుకు రెండు సంచులు తడిసేది ఇప్పుడు ఒకటే తడుస్తోంది. ఒకటి తగ్గిందంటే ఇంకోటి కూడా తగ్గుతుందేమో. నువ్వేమంటావు?

పెద్దమ్మ


మిర్యాలగూడ
28 నవంబర్ 2024

పెద్దమ్మా,

పదిహేడేళ్ల పిల్ల మూడు రోజులు ఓర్చుకుంది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నారు, తీసుకో. నేను వచ్చి నీ మంచం పక్కన ఉంటాను.

రజిత


కోదాడ బస్టాండు
23 ఏప్రిల్ 2025

బిడ్డా రజితా,

ఇది పోస్టులో వేయను. చేతికే ఇస్తాను.

రెండో ఆపరేషన్ తర్వాత దూది తెల్లగా వచ్చినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు, మళ్లీ రాయక్కర్లేదు. ఆ తర్వాతి సంగతి చెబుతాను. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు రెండు చుక్కలు పడుతున్నాయి. మళ్లీ విడిచిందేమోనని భయపడ్డాను. డాక్టరమ్మ చూసి లేదంది. రంధ్రం మూసుకుంది, ఇది కండ బలహీనత, పాత జబ్బులో కొందరికి మిగులుతుందంది. బిగపట్టి వదిలే కసరత్తు నేర్పింది. రోజూ చేస్తున్నాను. ఇప్పుడు కూడా బల్ల మీద కూర్చుని చేస్తున్నాను, ఎవరికీ కనబడదు. ఇంకొంచెం తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. రెండు చుక్కలే కదా బిడ్డా. చెరువంత మోసినదానికి రెండు చుక్కలొక బరువా?

నీకు, సునీల్‌కు, ఆ డాక్టరమ్మకు, పుష్పమ్మకు దండం. మీ అత్తకు దండం పెట్టబోతే చీపురు ఎత్తింది. ఆమెకు ఒక చీర కొన్నాను, నువ్వు కొన్నావని చెప్పి ఇచ్చాను. నేను కొన్నానంటే తీసుకోదు.

తలుపు దగ్గరి గోనెసంచిని మొన్న మడిచి అటక మీద పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు. పాత చుట్టం కదా.

పొద్దున శాంతాబాయి "కారు మాట్లాడమందామా?" అని అడిగింది. వద్దన్నాను. బస్సుకే వస్తానన్నాను. బయలుదేరేముందు చెంబెడు నీళ్లు తాగాను. అడుగుదాకా తాగాను. శాంతాబాయి బాటిల్ కూడా నింపి సంచిలో పెట్టింది. బస్సు పంక్చర్ అవుతుందేమో, దిగాల్సిన చోట మర్చిపోతానేమో, మిర్యాలగూడ బస్టాండులో నువ్వు లేకపోతే ఎలా అని భయాలు మాత్రం పోలేదు. అవి దేనితో కుట్టినా పోవు.

హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సు వచ్చింది. మిగతాది ఎక్కి రాస్తాను.

ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కన ఎవరూ కూర్చోకుండా సంచి పెట్టాను, పాత అలవాటు. ఒక కూలికిపోయే ఆమె వచ్చి "జర సంచి తియ్ అవ్వా" అంది. తీశాను. కూర్చుంది. ముక్కు మూసుకుంటుందేమోనని ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. ఆమె చూసి "ఏందవ్వా, ఎరుకున్నదాన్నా?" అని నవ్వింది. కాదన్నాను. ఎండకు అలిసిపోయి ఉంది. హుజూర్‌నగర్ రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

లేపలేదు. కదలకుండా ఎడమ చేత్తో కాగితం పట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఈసారి తప్పు నీది కాదు.

పొడిగా వస్తున్న
నీ పెద్దమ్మ సుక్కి